వాగు నీళ్ళు, కుళాయి నీళ్ళు

మా ఇల్లు నోవై టౌన్‌కి పడమటగా ఇరవై నిమిషాల దూరంలో, స్టేట్ హైవేకి ఆనుకుని ఉంటుంది. ఆ ఇల్లే కొందామని పట్టుబట్టింది నేను. మా ఆవిడకు టౌన్‌లోనే, ఇండియన్ గ్రోసరీకీ గుడికీ స్నేహితురాళ్ళకీ దగ్గరగా ఉండాలని ఉండేది. నేను ఒక కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీర్ని. పగలంతా ల్యాబ్ రొదలో గడిపి, సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వాళ్ళ అడుగుల చప్పుడు వినడం నా వల్ల కాలేదు. ఎకరం నేల, వెనక మేపుల్ చెట్లు, వాటి అవతల చిన్న వాగు, సొంత బోరు. చూసిన వెంటనే నా మనసు అక్కడే ఆగిపోయింది.

తను ఒప్పుకున్నది మాత్రం నీళ్ళ వల్ల. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు వంటింటి కుళాయి తిప్పి, దోసిలి పట్టి తాగింది.

"నీళ్ళకు జర రుచున్నది. అపార్ట్‌మెంట్ నీళ్ళు మందు వాసనొస్తయి," అంది.

తనది వరంగల్, నాది ఏలూరు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నా మాటల్లోకి తన యాస కొంత వచ్చింది గానీ, తన మాటల్లోకి నా యాస రాలేదు.

ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు వాళ్ళ కోసం బోరు నీళ్ళు పరీక్ష చేయించారు. క్రిములు లేవు, పొలాల ఎరువులు కలవలేదు అని ఒక కాగితం వచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టాను. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ నీళ్ళను మళ్ళీ పరీక్ష చేయించలేదు. బ్రేకుల్ని మంచులో, వానలో, ఎండలో వేలసార్లు పరీక్షించినవాణ్ణి, రోజూ తాగే నీళ్ళ జోలికి పోలేదు.

నేను రిటైరైన ఏడాది మా ఆవిడ గుండె దెబ్బతింది. ఏదో వైరస్ వల్ల అయి ఉండొచ్చన్నారు. బట్టల బుట్ట పట్టుకుని బేస్‌మెంట్ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీల గుర్తులు చర్మంలోకి దిగి కనిపించేవి. గుండె కండరం బలహీనపడిందని డాక్టర్ చెప్పాడు. మందులు రాశాడు. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుందనీ, ఆ నీటి బరువు గుండె మోయలేదనీ, కాబట్టి ఉప్పు బాగా తగ్గించాలనీ అన్నాడు.

ఆహారం గురించి చెప్పడానికి డైటీషియన్ దగ్గరికి పంపారు. మా అమ్మాయి వయసు పిల్ల. మేం ఏమేం తింటామో అడిగి రాసుకుంది. ఆవకాయ అంటే ఏమిటో ఫోన్‌లో వెతికి చూసి, ఏమీ అనకుండా ఫోన్ పక్కన పెట్టేసింది. చివర్లో, మీ ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందా అని అడిగింది. ఉంది. మా వైపు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. దాన్ని తీసేయడానికి బేస్‌మెంట్‌లో ఒక యంత్రం ఉంటుంది, అందులో ఉప్పు బస్తాలు పోస్తూ ఉండాలి. దాని గుండా వచ్చే నీళ్ళలో కొంత ఉప్పు చేరుతుందట, తాగేవీ వండేవీ ఆ నీళ్ళు కాకుండా చూసుకోమంది. వారం తిరక్కుండానే ప్లంబర్ని పిలిపించి, బోరు నుంచి వంటింటి కుళాయికి నేరుగా వేరే పైపు వేయించాను. నీళ్ళ గొడవ అంతటితో తీరిపోయిందనుకున్నాం.

ఆ తర్వాత వంట నా చేతిలోకి వచ్చింది. రిటైరైన మనిషిని, పనేమీ లేదు. కొన్న ప్రతి డబ్బా మీదా లేబుల్ చదివేవాణ్ణి. పచ్చళ్ళ జాడీలు రెండూ గుడి దగ్గరి స్నేహితులకు ఇచ్చేశాను. అప్పడాలు, చిప్స్, బయటి స్వీట్లు బంద్. పప్పులో ఉప్పుకు బదులు నిమ్మకాయ పిండేవాణ్ణి. చారులో మిరియం దంచి వేసేవాణ్ణి. నేనూ అదే తిన్నాను. అందువల్ల నాకు ఏదో హక్కు వచ్చిందనుకున్నాను.

"గింత ఉప్పేస్తే ఏమైతది చెప్పుండ్రి? చిటికెడు," అనేది మొదట్లో.

"ఆ చిటికెడు నీ కాళ్ళలోకి దిగుతుంది."

"దిగితే దిగనియ్యుండ్రి. నోరు సచ్చిపోయింది నాకు."

నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఒకసారి తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర తను ఆడవాళ్ళతో కూర్చుంది, నేను హాలు అవతలి వైపు ఉన్నాను. వడ్డించే అమ్మాయి తన ప్లేట్‌లో గోంగూర పచ్చడి వేసింది. తను వేలి కొసతో కొంచెం తీసుకుని, నోటి దాకా తెచ్చి, అలవాటుగా నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. తను వేలు పేపర్ నాప్‌కిన్‌కు తుడుచుకుంది. పక్కనున్న ఆవిడ ఏదో అడిగితే నవ్వుతూ జవాబు చెప్పింది. ఆ రోజు ఇంటికి వస్తూ, నా మాట విన్నందుకు నేను తనను మెచ్చుకున్నాను కూడా.

రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో దానికీ హద్దు పెట్టారు. ఒక స్టీలు సీసా కొన్నాను. పొద్దున్నే వంటింటి కుళాయి కింద నేనే నింపి తన చేతికి ఇచ్చేవాణ్ణి.

కాస్త కోలుకున్నాక రోజూ నడవమన్నారు. మా ఇంటి నుంచి హైవే దాటితే ఒక చిన్న వంతెన ఉంది, దాని కింద మా వాగే పోతుంది. ఒకరోజు అక్కడ నీళ్ళ ఒడ్డున రబ్బరు బూట్లు వేసుకుని ఒక పెద్దావిడ వంగి కనిపించింది. తెల్లావిడ, డెబ్బై దాటి ఉంటాయి. పడిపోయిందేమోనని మా ఆవిడ కంగారుగా కేకేసింది. ఆ పెద్దావిడ లేచి నిలబడి, చేతిలో సీసా చూపించింది. రిటైరైన బయాలజీ టీచరట. ఈ చుట్టుపక్కల వాగుల్లో నీళ్ళు ఎలా ఉన్నాయో చూసే వాలంటీర్ల గుంపులో పనిచేస్తోంది. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఎంత నీళ్ళలోకి వస్తోందో కొలుస్తున్నానని చెప్పింది.

"ఉప్పా?" అని మా ఆవిడ నా వైపు చూసి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. తర్వాత తెలుగులో, "దీనికి బస్తాలు బస్తాలు పోస్తున్నరు. నాకు చిటికెడు లేదు," అంది.

ఆ వాగుకు మనుషులు కావాలంది టీచరు. మా ఆవిడ అప్పటికప్పుడు పేరు ఇచ్చేసింది. తను పదిహేనేళ్ళు ఒక డెంటిస్టు ఆఫీసులో రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి. జబ్బు వల్ల ఉద్యోగం మానేసింది. ఎవరో ఒకరికి తనతో పని ఉండడం తనకు కావాలి. లైబ్రరీ గదిలో ఒక శనివారం ట్రైనింగ్ ఇచ్చారు. ఇద్దరం వెళ్ళాం. మా చేతికి ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక థర్మామీటర్, పరీక్ష పట్టీల సీసా, ఫారాలు ఇచ్చారు.

పని కష్టమేం కాదు. నెలకోసారి, ఇంకా మంచు కరిగిన రోజుల్లో, వంతెన దగ్గరికి వెళ్ళాలి. పొడుగాటి కర్రకు కట్టిన సీసాను నేను నీళ్ళలోకి దించేవాణ్ణి. గ్లాసులో పోసి, పట్టీని తను నిలబెట్టేది. గోధుమరంగు పట్టీ, మధ్యలో సన్నటి దారి. నీళ్ళు పీల్చుకునే కొద్దీ ఆ దారిలో తెలుపు పైకి పాకుతుంది. ఎంత ఎత్తుకు పాకితే అంత ఉప్పు. అది ఆగేదాకా తను కదిలేది కాదు. కారులో కూర్చుందాం రా, చలి, అంటే, "మీరు పోయి కూసోండ్రి. ఇది పరీక్ష," అనేది. ఫారం తనే నింపేది. కింద రిమార్కుల కోసం వదిలిన రెండు గీతల్లో చిన్న చిన్న అక్షరాలతో ఎప్పుడూ ఏదో రాసేది. రాళ్ళ కింద పురుగులు ఉన్నాయా లేవా, నీళ్ళ మీద నురగ ఉందా, పొద్దున ఉప్పు లారీ వెళ్ళిందా. ఇసుక రేణువులు అంటించి గూడు కట్టుకునే పురుగు ఒకటి ఉంటుంది అక్కడ. మొదటి ఏడాది ఏ రాయి తిప్పినా కనబడేది. రెండో ఏడాదికి వెతకాల్సి వచ్చింది. తను ఆ పురుగుల గురించి మా అమ్మాయికి ఫోన్‌లో చెప్పేది. మా అమ్మాయి వేరే స్టేట్‌లో, మోరిస్‌విల్‌లో ఉంటుంది, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ నెలల్లో వాళ్ళ ఫోన్లలో జబ్బు మాట తగ్గి వాగు మాట ఎక్కువైంది.

రెండో ఏడాది ఆగస్టులో ఒక విచిత్రం చూశాం. మంచు కరిగి నాలుగు నెలలైంది, అయినా పట్టీలో తెలుపు పెద్దగా దిగలేదు. పట్టీలు పాడయ్యాయన్నాను నేను. తను టీచర్ని అడుగుదామంది. ఆ నెల లైబ్రరీలో జరిగిన వాలంటీర్ల మీటింగులో అడిగింది. టీచరు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. చల్లిన ఉప్పంతా వాగులోకే పోదు. కొంత నేలలోకి ఇంకి, కింది నీళ్ళతో కలిసి అక్కడే ఉండిపోతుంది. వేసవిలో వాగులో పారేది ఎక్కువగా ఆ కింది నీళ్ళే. అందుకే ఎండాకాలంలో కూడా ఉప్పు కనిపిస్తుంది. ఏటేటా అది పెరుగుతూ వస్తోంది.

మేమిద్దరం ముందు వరసలో కూర్చుని ఆ మాట విన్నాం. తను నోట్స్ కూడా రాసుకుంది. ఇంటికి వచ్చి, వంటింటి కుళాయి నీళ్ళతో టీ పెట్టుకుని తాగాం.

మూడో చలికాలం, జనవరిలో, తన ఒంట్లో మళ్ళీ నీరు చేరింది. పొద్దున్నే తూకం చూస్తే రోజురోజుకూ పెరుగుతోంది. తలగడలు మూడు పెట్టుకుంటే తప్ప నిద్ర లేదు. డాక్టర్ మందుల మోతాదు పెంచాడు. తన వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "ఉప్పు ఎక్కడి నుంచో వస్తోంది. మరోసారి జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు.

కారులో కూర్చున్నాక నేను ఇంజన్ స్టార్ట్ చేయలేదు.

"ఎక్కడ తింటున్నావు?" అన్నాను.

"ఏంది?"

"ఆయన చెప్పింది విన్నావుగా. నేను వండేదాంట్లో ఉప్పు లేదు. మరి ఎక్కడి నుంచి వస్తోంది?"

"నేనేడ తింట? మీరు లేంది నేను ఎటన్న పోయిన్నా?"

"ఆ మీటింగుల దగ్గర తింటావు. ఫ్రెండ్స్ ఎవరైనా వస్తే తింటావు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఏం చేస్తావో నాకేం తెలుసు?"

తను నా మొహం వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి. వంటింటి సొరుగులన్నీ తీసి చూశాను. తన బీరువాలో చూశాను. తన హ్యాండ్‌బ్యాగ్ టేబుల్ మీద బోర్లించాను. అరచేతంత డైరీ, మందుల చీటీలు, దువ్వెన, వాటి మధ్య రెండు ఉప్పు ప్యాకెట్లు. హోటల్ పార్సిళ్ళలో వచ్చే చిన్న కాగితం ప్యాకెట్లు.

"ఇవేమిటి?"

"ట్రైనింగ్ రోజు డబ్బాల్లో అన్నం పెట్టిన్రు కద. దాంట్లో వచ్చినయి. పారేయబుద్ధి కాలే. విప్పనే లేదు, చూడండ్రి."

"విప్పినవి ఎన్ని పారేశావో?"

తను కుర్చీలో కూర్చుంది. ఊపిరి అందక కొంచెంసేపు ఆగి, "నేను తింటలేను. బిడ్డ మీద ఒట్టు," అంది.

మా పెళ్ళయిన నాటి నుంచి తను ఎవరి మీదా ఒట్టు పెట్టగా నేను వినలేదు. బిడ్డ మీద ఒట్టు పెట్టడం తప్పని మా అమ్మాయి చిన్నప్పుడు నాకే చెప్పిన మనిషి. అది విన్నాక అయినా నేను ఆగాలి. ఆగలేదు. "ఒట్లు కాదు, కాళ్ళు చూసుకో," అన్నాను. ఆ ప్యాకెట్లు చెత్తబుట్టలో పారేశాను. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే స్టీలు సీసా నింపి తన ముందు పెట్టాను. తను తీసుకుంది.

ఆ తర్వాత తను ఆరు వారాలు బతికింది. రెండుసార్లు హాస్పిటల్‌కు వెళ్ళాం. రెండోసారి వెళ్ళినప్పుడు బయట మంచు కరుగుతోంది. శాంపిల్ తీసే రోజు కదా, మీరు పోయి తీసుకురండి అంది. నేను వెళ్ళలేదు. మా అమ్మాయి ఫ్లైట్ దిగి వచ్చేసరికి తను మాట్లాడే స్థితిలో లేదు. రెండు రోజుల తర్వాత పోయింది.

డబ్బా, పట్టీలు, ఫారాలు గరాజ్‌లో ఒక మూల పెట్టేశాను. టీచరు అప్పుడప్పుడు ఫోన్ చేసేది. వంతెన దగ్గర శాంపిల్ తనే తీస్తోందట. నవంబరులో ఒకరోజు ఇంటికే వచ్చింది. తన మోకాలికి ఆపరేషన్ చేయించుకోవాలి, ఈ చలికాలం ఒడ్డు దిగలేనని చెప్పింది. మీకు ఇష్టమైతేనే అంది. మా ఆవిడ రాసిన రిమార్కులు తను అందరికీ చదివి వినిపిస్తుంటానని కూడా చెప్పింది. సరేనన్నాను.

ఆవిడ వెళ్ళాక గరాజ్ నుంచి డబ్బా తెచ్చాను. పట్టీల సీసా మీద గడువు దగ్గర పడింది. ల్యాబ్‌లో పనిచేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. పరికరం చాలా రోజులు పక్కన పడి ఉంటే, ముందు తెలిసిన వస్తువు మీద పరీక్షించి చూసుకుంటాం. ఉప్పు లేని నీళ్ళలో పెడితే పట్టీలో తెలుపు లేవకూడదు. అంతే కదా అని వంటింటి కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి, పట్టీ నిలబెట్టి, మెయిల్ తెచ్చుకోవడానికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి తెలుపు సగం దాటి ఉంది.

పట్టీ పాడైందనుకున్నాను. ఇంకొకటి పెట్టాను. ఈసారి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. తెలుపు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా, అంతే ఎత్తుకు వచ్చింది. కారేసుకుని వెళ్ళి గ్రోసరీ నుంచి డిస్టిల్డ్ వాటర్ కొనుక్కొచ్చాను. దాంట్లో పెట్టిన పట్టీలో తెలుపు లేవలేదు. పట్టీలు బాగానే ఉన్నాయి. తర్వాత వంతెన దగ్గరికి వెళ్ళి వాగు నీళ్ళు తెచ్చాను. టేబుల్ మీద రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాను. వాగు నీళ్ళకూ కుళాయి నీళ్ళకూ పట్టీలో తేడా ఒక గోరంత ఉంది.

ఆ సాయంత్రం ఏం తిన్నానో, అసలు తిన్నానో లేదో గుర్తు లేదు. పట్టీ చూపించేది ఉప్పులో ఒక భాగాన్నే, గుండెకు హాని చేసే సోడియం వేరుగా కొలవాలి, తొందరపడకూడదు అని నాకు నేనే చెప్పుకోవడం మాత్రం గుర్తుంది. ఒక ల్యాబ్‌కు నీళ్ళ సీసా పంపాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. సోడియం అని ఉన్న గీతలో అంకె పక్కన, తక్కువ ఉప్పు తినాల్సినవాళ్ళు ఈ నీళ్ళు తాగేముందు డాక్టర్ని సంప్రదించాలని రాసి ఉంది.

ఆ కాగితం తీసుకుని టీచరు ఇంటికి వెళ్ళాను. ఆవిడ మోకాలికి కట్టుతో సోఫాలో కూర్చుని ఉంది. కాగితం రెండుసార్లు చదివింది.

"మీది బోరా? ఇన్నాళ్ళు నేను అడగనే లేదు. మా ఇంటికి టౌన్ వాటర్ వస్తుంది. నాకు తట్టనే లేదు," అంది. తర్వాత మొహం చేతుల్లో పెట్టుకుంది. ఆవిడను నేను ఓదార్చాల్సి వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పాను. నిజంగానే లేదు. బోర్డు మీద ఆవిడ గీసిన బొమ్మలో రోడ్డు, నేల, కింది నీళ్ళు అన్నీ ఉన్నాయి. మా ఇల్లు ఆ బొమ్మలో ఎక్కడుందో చూసుకోవాల్సింది నేను.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. మీ ఆవిడ గుండె అప్పటికే చాలా బలహీనంగా ఉంది, నీళ్ళ వల్లే అని ఎవరూ చెప్పలేరన్నాడు. నీళ్ళ వల్ల కాదని చెప్పగలరా అని అడిగాను. అదీ చెప్పలేనన్నాడు. మీరు చేయగలిగినదంతా చేశారు అన్నాడు. మంచివాడు. ఆ జనవరి రోజు మా ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

మా రోడ్డు మీద ఆరు ఇళ్ళున్నాయి. అన్నింటికీ వెళ్ళి తలుపు తట్టాను. ముగ్గురు నీళ్ళు పరీక్ష చేయించుకున్నారు, ఇద్దరివి మా నీళ్ళలాగే ఉన్నాయి. ఎదురింటి కుర్రజంటకు చిన్న పాప. వాళ్ళు ఆ వారమే బాటిల్ నీళ్ళకు మారారు. చివరి ఇంటి ముసలాయన మాత్రం నవ్వి, నలభై ఏళ్ళుగా తాగుతున్నాను, ఇంకా బతికే ఉన్నాను కదా అన్నాడు. రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. ఉప్పు వేయకపోతే రోడ్డు మీద మనుషులు పోతారని చెప్పారు. అది అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళు ఆ మంచులోనే, ఆ ఉప్పు మీదే నేను ఆఫీసుకు వెళ్ళి ఇంటికి క్షేమంగా వచ్చాను. లారీ ఇంకా రాలేదేమిటని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

మా అమ్మాయికి మాత్రం చెప్పలేదు. రోజూ ఫోన్ చేస్తుంది. రోజూ చెబుదామనుకుని, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ణి.

తల్లి సంవత్సరీకానికి తను వచ్చింది. గుడిలో కార్యక్రమం అయింది, వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళారు. మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో తను గిన్నెలు కడుగుతుంటే, కుళాయి కట్టేయమన్నాను. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పట్టీలు, ల్యాబ్ కాగితం, డాక్టర్ అన్న మాటలు. తర్వాత ఆ జనవరి రోజు సంగతి. సొరుగులు వెతకడం, హ్యాండ్‌బ్యాగ్, ప్యాకెట్లు. తల్లి తన మీద ఒట్టు పెట్టిందని కూడా చెప్పాను.

తను ఏడవలేదు. టేబుల్ మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉంది.

"నాకు తెలుసు నాన్నా," అంది.

"ఏం తెలుసు?"

"అమ్మ కాల్ చేసింది నాకు. ఆ డే. నువ్వు గరాజ్‌లో ఉన్నావ్ అంట." మా అమ్మాయి తెలుగు ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగు, మాటలు వెతుక్కుంటూ వస్తుంది. "సారీ చెప్పింది నాకు. నేను అడిగాను, సారీ ఎందుకు అమ్మా? నీ మీద ఒట్టు పెట్టిన, అట్ల పెట్టొద్దు, కానీ ఇంకేం చెయ్యాల్నో తెల్వలే అంది. నాకు ఒట్టు అంటే ఏంటో సరిగా తెలీదు. ఎక్స్‌ప్లెయిన్ చేసింది. చాలా ఏడ్చింది."

"నా గురించి ఏమంది?"

తను చెప్పాలా వద్దా అని ఆలోచించింది.

"నాన్న నమ్మట్లేదు అంది. అంతే. నేను నీతో మాట్లాడుతా అన్నాను. వద్దు అంది. నాన్న భయపడుతున్నడు, అందుకే అట్ల అంటున్నడు అంది."

నేను లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. తను వెనక నుంచి వచ్చి నా వీపుకు తల ఆనించింది. "నేను మ్యాడ్ కాదు నీ మీద," అంది. కాసేపటికి, "కాదు, ఉన్నాను. కానీ నువ్వు ఒక్కడివే ఇది క్యారీ చేయడం నాకు ఇష్టం లేదు," అంది.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. చూరు నుంచి మంచు కరిగి కారుతోంది. శాంపిల్ తీయాలన్నాను. తనూ బూట్లు వేసుకుని వచ్చింది. ఒడ్డున నిలబడి పట్టీ పట్టుకుంది. తెలుపు దాదాపు పై దాకా పాకింది. ఫారంలో అంకె రాసి, రిమార్కుల గీతల దగ్గర పెన్ను ఆపింది.

"ఇక్కడ ఏం రాస్తారు?"

"చూసింది రాయాలి. రాళ్ళ కింద పురుగులు ఉన్నాయేమో చూడు."

నాలుగు రాళ్ళు తిప్పింది. లేవు. అదే రాసింది.

"వాళ్ళు ఇవాళ సాల్ట్ ఆపేస్తే, మన బోరు ఎప్పుడు క్లీన్ అవుతుంది?" అని అడిగింది.

నేలలో ఉన్నది కడుక్కుపోవడానికి చాలా ఏళ్ళు పడుతుందని టీచరు చెప్పిందన్నాను. తను ఫారం మడిచి డబ్బాలో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే తన ఫ్లైట్. ఎయిర్‌పోర్ట్‌కు డ్రైవ్ చేస్తున్నాను. రోడ్డు పొడిగా, ఉప్పు ఆరి తెల్లగా ఉంది. ఎయిర్‌పోర్ట్ బోర్డులు కనబడుతున్నప్పుడు తను నా వైపు తిరిగింది.

"నాన్నా, అమ్మకి సారీ చెప్పావా? తర్వాత ఎప్పుడైనా?"

"లేదమ్మా," అన్నాను.

అది నిజం. ఒకసారి చెప్పబోయాను. హాస్పిటల్‌కు మొదటిసారి వెళ్ళి వచ్చిన మర్నాడు, తను మంచం మీద తలగడలకు ఆనుకుని కిటికీలోంచి మేపుల్ చెట్లు చూస్తోంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. తను నా వైపు తిరిగి, చెప్పమన్నట్టు చూసింది. అప్పటికి నాకు ఈ నీళ్ళ సంగతి తెలియదు. తను ఉప్పు తిందనే అనుకుంటున్నాను. అయినా సరే, అంత మాట అనకుండా ఉండాల్సిందని చెబుదామని వచ్చాను. నోరు తెరిచి, మందులు వేసుకున్నావా అని అడిగాను.

"ఏసుకున్న," అంది.